సైనిక కొనుగోళ్లలో పోటీ: రెండు ఇంజనుల కథ

సంతలో కూరగాయలు కొనువాడు నాలుగంగళ్లు తిరిగి బేరమాడును. యుద్ధవిమానములు కొను ప్రభుత్వమునకు అట్టి వెసులుబాటు అరుదు. అమ్మువారు ఒకరో ఇద్దరో. ఒక సంస్థకు పని యొసగిన పిమ్మట దశాబ్దములపాటు విడిభాగములకును మరమ్మతులకును దానినే ఆశ్రయింపవలెను. తొలిధర తక్కువయైనను కడపటి వ్యయము తక్కువ యగునను నమ్మకము లేకపోవుటకు కారణ మిదియే.

అమెరికా వైమానిక దళమునకు ఈ చిక్కు 1970వ దశకములో ఎదురయ్యెను. ఎఫ్-15, ఎఫ్-16 విమానములు రెంటికిని ప్రాట్ అండ్ విట్నీ వారి ఎఫ్-100 ఇంజనే ఆధారము. శక్తిలో అది మేటియే. కాని గాలిప్రవాహము చెదరి ఇంజను స్తంభించుట, భాగములు త్వరగా అరుగుట మొదలగు లోపములు బయటపడెను. వేరొక ఇంజను లేనందున కొనువారి పట్టు సడలెను. అందుచే 1979లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు ధనమిచ్చి, బి-1 బాంబరుకై నిర్మించిన ఎఫ్-101ను ఆధారముగా గొని మరియొక ఇంజనును రూపొందింపజేసిరి. అదియే ఎఫ్-110.

1984 ఫిబ్రవరిలో నిర్ణయము వెలువడెను. 1985 ఆర్థిక సంవత్సరపు 160 ఇంజనులలో 120 జనరల్ ఎలక్ట్రిక్‌కును, 40 ప్రాట్ సంస్థకును దక్కెను. ఓడినవానిని బొత్తిగా వెళ్లగొట్టకపోవుటయే ఇందలి నేర్పు. మరుసటి యేట పంపకము మారవచ్చునని ఇరువురికిని తెలియును. గెలిచినవాడు ఏమరియుండ వీలులేదు. ఓడినవాడు ఆశ విడువ నక్కరలేదు. ఈ ఒత్తిడిలో ప్రాట్ వారు మన్నికగల ఎఫ్-100-220 రకమును సిద్ధపరచిరి. మన్నికకు హామీ నిచ్చు షరతులకు రెండు సంస్థలును ఒప్పుకొనెను.

అయినను ఈ లాభము ఊరక రాలేదు. రెండు ఇంజనులనగా రెండు విధముల విడిభాగములు, రెండు విధముల శిక్షణ. ఎఫ్-110కు గాలి యెక్కువ కావలసియుండుటచే ఎఫ్-16 గాలిద్వారమును వెడల్పు చేయవలసివచ్చెను.

మన దేశమున బెంగుళూరులోని ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ 2010లో తేజస్ రెండవ రకమునకై జనరల్ ఎలక్ట్రిక్ వారి ఎఫ్-414ను, యూరోజెట్ వారి ఈజే-200ను పోటీకి నిలిపి, తక్కువ ధర చెప్పిన మొదటిదానిని ఎన్నుకొనెను. ఇది ఒక్కమారు జరుగు పోటీ. ఏటేట సాగు పోటీ కాదు. ఒప్పందమునకు ముందు బేరము కుదుర్చుటకు ఇది చాలును గాని తరువాతి నాణ్యతను కాపాడుటకు చాలదు.

అమెరికా సైతము ఆ పద్ధతిని నిలుపుకొనలేదు. ఎఫ్-35 విమానమునకై తయారగుచుండిన రెండవ ఇంజను ఎఫ్-136ను ఖర్చు పేరిట 2011లో మానుకొనిరి. నాటినుండి ఆ విమానములన్నిటికిని ప్రాట్ వారి ఎఫ్-135 ఒక్కటే ఇంజను.