నామినీ

బ్యాంకు ఫారంలో భార్య పేరో, కొడుకు పేరో రాసే గడి వల్ల మనకు బాగా తెలిసిన మాట ఇది. సాహిత్య బహుమతుల్లో మాత్రం నామినీ అంటే తుది పోటీలో నిలిచిన రచన, రచయిత.

1975లో మొదలైన వరల్డ్ ఫాంటసీ అవార్డుకు ఒక్కో విభాగంలో రెండు స్థానాలు వరల్డ్ ఫాంటసీ సదస్సు సభ్యుల ఓట్లతో నిండుతాయి. మిగతావాటినీ, విజేతనూ న్యాయనిర్ణేతలే ఎంచుతారు. పాఠకుడి ఇష్టం, విమర్శకుడి చూపు రెండూ ఉన్న ఈ పద్ధతి నాకు నచ్చుతుంది. భయానక సాహిత్యానికిచ్చే బ్రామ్ స్టోకర్ అవార్డులో తుది ఓటు రచయితల సంఘం సభ్యులది. జ్ఞాపిక చిన్న దయ్యాలకొంప. దాని తలుపు తెరిస్తే లోపల విజేత పేరు!

వరల్డ్ ఫాంటసీ జ్ఞాపిక ఒకప్పుడు అమెరికన్ భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్ తల. నల్లజాతివారిని ద్వేషిస్తూ రాసినవాడి బొమ్మ అది. 2011లో గెలిచిన నైజీరియా మూలాల రచయిత్రి నెడీ ఒకొరాఫర్ ఆ బొమ్మను అందుకోవడంలోని బాధను బాహాటంగా చెప్పారు. 2015 తర్వాత ఆ బొమ్మ ఇవ్వడం ఆపేశారు. అది న్యాయమైన పని. ఇప్పుడిచ్చేది నిండు చందమామ ముందు నిలిచిన మోడు చెట్టు.