కాలమ్ ఉంటేనే జవాబు

నకిరేకల్ మండలంలో అయిదెకరాలు దాటిన చెలకలు ఎవరెవరి పట్టాలో ఉన్నాయి? పట్వారీల కాలంలో ఈ సంగతి తేల్చాలంటే ఊరూరి భూమి దస్త్రం, అదే పహాణీ, తిరగెయ్యాల్సిందే. 1960ల నాటి కంప్యూటర్లతోనూ దాదాపు అదే తంతు. సమాచారం ఎక్కడుందో, ఏ రికార్డు పట్టుకుని ఏ రికార్డుకు పోవాలో ప్రోగ్రామరే దారి చూపాలి.

ఆ అవస్థ తప్పించినవాడు ఎడ్గర్ కాడ్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళ పైలట్, తర్వాత ఐబీఎం ఉద్యోగి. సమాచారాన్ని పట్టికల్లో పెట్టండి, కావలసిందేమిటో చెప్పండి, వెతకడం యంత్రం చూసుకుంటుందన్నది 1970లో ఆయన రాసిన పత్రం సారాంశం. 1974లో అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ దానికో భాష కట్టి ‘సీక్వెల్’ అన్నారు. బాయిస్ ఆ ఏడాదే చనిపోయాడు. ఆ పేరుపై హక్కు మరో కంపెనీది కావడంతో భాష ఎస్‌క్యూఎల్ అయింది. దాన్ని ముందుగా అమ్మకానికి పెట్టింది మాత్రం ఐబీఎం కాదు. ఐబీఎం పత్రాలు చదివిన ఓ చిన్న కంపెనీ 1979లోనే బజారుకెక్కింది. నేటి ఒరాకిల్ అదే.

మన ప్రశ్నను ఆ భాషలో అడిగితే:

సెలెక్ట్ పట్టాదారు ఫ్రమ్ పహాణీ
వేర్ మండలం = 'నకిరేకల్' అండ్ భూమి = 'చెలక' అండ్ గుంటలు > 200

ఏ కాలమ్ కావాలి, ఏ పట్టిక నుంచి, ఏ షరతు మీద. అంతే.

ఎకరాలు వదిలి గుంటలు ఎందుకంటారా? మన దస్త్రాల్లో 1.20 అంటే ఎకరం ఇరవై గుంటలు. అలాంటివి రెండు ‘సమ్’తో కూడమంటే యంత్రం 2.40 అంటుంది. అసలు జవాబు మూడెకరాలు. నలభై గుంటలకు ఎకరమని దానికెవరు చెప్పారు గనక!

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ఈ పొలం దున్నుతున్నదెవరు? పాత పహాణీలో అందుకు అనుభవదారు కాలమ్ ఉండేది. 2020 అక్టోబరులో తెలంగాణలో మొదలైన భూ రికార్డుల పోర్టల్ ధరణిలో అది ఉండేది కాదు. గడి ఖాళీగా ఉంటే ‘ఈజ్ నల్’ అని అడిగి, ఖాళీలెన్నో అయినా తెలుసుకోవచ్చు. కాలమే లేకపోతే వచ్చేది ఎర్రర్. కౌలు రైతును అక్కడ ఏ క్వెరీ వెతికి తేలేకపోయింది. ఆ లోపం భాషది కాదు, పట్టిక గీసినవాళ్లది.

ఎస్‌క్యూఎల్ నేర్చుకోబోతున్నవాళ్లు మొదటి సెలెక్ట్ రాయకముందే పట్టికలో ఏ కాలమ్‌లు ఉన్నాయో, ఏవి తీసేశారో చూసుకోండి.