ముష్టియుద్ధము: గెలుపెవరిదని ముందుగా చెప్పవచ్చునా?

పేరొందిన ముష్టియోధు లిద్దరు తలపడబోవుచున్నారన్న వార్త వచ్చినంతనే శ్రోతలు మమ్మడుగు ప్రశ్న ఒక్కటే: గెలుపెవరిది? పత్రికలు తమ జోస్యములు తాము చెప్పును. పందెములు కాయువారు తమ లెక్కలు తాము కట్టుదురు. పోరు ముగిసిన పిదప ఆ జోస్యములను మరల తీసి చూచువారు అరుదు. మేము ఈ ప్రసంగమున అట్లు తీసి చూడదలచితిమి. జోస్యము ఎట్లు కట్టుదురు, అది ఎచ్చట తప్పును, ఒప్పినను తప్పినను బరిలో నిలిచిన మనిషికి కలుగునదేమి అను విషయములను విచారించుట మా ఉద్దేశము.

మొదట లెక్కలోనికి వచ్చునవి కంటికి కనబడునవి. ఎన్ని పోరులు గెలిచెను, ఎన్నింట ప్రత్యర్థిని నేలకూల్చి గెలిచెను, బరువెంత, ఎత్తెంత, చేతుల పొడవెంత, వయస్సెంత. వీనిలో ప్రతిదానికిని అర్థమున్నది. చేయి పొడవైనవాడు ఎదుటివాని పిడికిలి తనకు తగులకమునుపే తన పిడికిలిని వానికి తగిలింపగలడు. వయస్సు మీరినవానికి వచ్చు దెబ్బ కనబడును గాని, తప్పించుకొనుటకు శరీరము ఆలస్యము చేయును. ఒక్కొక్క రౌండు మూడు నిమిషములు. నడుమ ఒక నిమిషము విశ్రాంతి. నేలకూలినవాడు రిఫరీ పది లెక్కించులోపల లేవకున్నచో ఓడినట్లే. ఇద్దరును తుదివరకు నిలిచినచో రౌండు రౌండునకు వేసిన మార్కులనుబట్టి న్యాయనిర్ణేతలు తీర్పు చెప్పుదురు. ఇవి తెలిసినవానికి జోస్యము సులభమనియే తోచును. చరిత్ర మాత్రము అట్లు చెప్పదు.

1936 జూన్ 19వ తేదీన న్యూయార్కులోని యాంకీ స్టేడియమున జో లూయిస్ అను నల్లజాతి అమెరికను యువకుడును, మాక్స్ ష్మెలింగ్ అను జర్మను యోధుడును తలపడిరి. లూయిస్ వయస్సు ఇరువదిరెండు; వృత్తియోధుడుగా అంతవరకు ఓటమి యెరుగడు. ష్మెలింగ్‌కు ముప్పది నిండినవి. ఒకప్పటి ప్రపంచ విజేతయే గాని వాని కాలము గడచినదని లోకము తలచెను. ష్మెలింగ్ మాత్రము లూయిస్ పోరుల చలనచిత్రములను శ్రద్ధగా చూచెను. ఎడమచేతితో పొడిచిన పిదప లూయిస్ ఆ చేతిని వెంటనే ముఖమునకు అడ్డముగా తెచ్చుకొనక, కొంచెము క్రిందికి జార్చునని గ్రహించెను. ఆ రెప్పపాటు సందున తన కుడిపిడికిలిని దూర్చవలెనని నిశ్చయించుకొనెను. నాలుగవ రౌండున లూయిస్ నేలపై బడెను. పండ్రెండవ రౌండున పడి మరల లేవలేకపోయెను. లూయిస్ గెలిచిన పోరులెన్నియో లోకము లెక్కించుచుండగా, ఆ ఎడమచేయి ఎచ్చటికి జారుచున్నదో ష్మెలింగ్ చూచెను.

రెండేండ్లకు, 1938 జూన్ 22వ తేదీన, ఆ యిద్దరే ఆ స్థలముననే మరల తలపడిరి. ఈలోగా లూయిస్ ప్రపంచ విజేత అయ్యెను. ష్మెలింగ్ తొలి విజయమును నాజీలు తమ జాతి ఆధిక్యమునకు నిదర్శనముగా చాటుకొనియుండిరి. కావున అది ఇద్దరు మనుష్యుల పోరుగా మాత్రమే మిగులలేదు. కోట్లాది జనులు రేడియోల చుట్టు చేరి వినిరి. వినువారు స్థిమితముగా కూర్చుండునంతలోనే, 124 సెకన్లలో, ష్మెలింగ్ ఓడిపోయెను. మొదటి పోరునుబట్టి రెండవదానికి జోస్యము చెప్పువారు ఒక సంగతి మరచుట కలదు: ఓడినవాడును నేర్చుకొనును. ఎదుటివాడు సందు వెదకుకొనుటకు లూయిస్ ఆ రాత్రి వ్యవధియే ఈయలేదు.

అంకెలు అబద్ధమాడవు, కాని అడిగిన ప్రశ్నకే బదులు చెప్పును. దీనికి 1964 ఫిబ్రవరి 25వ తేదీన మయామీ బీచిలో జరిగిన పోరు మంచి ఉదాహరణము. నాటి ప్రపంచ విజేత సోనీ లిస్టన్. ఎదుట నిలిచినవాడు ఇరువదిరెండేండ్ల కాషియస్ క్లే. అనంతరము మహమ్మద్ అలీ అను పేర లోకప్రసిద్ధుడైనవా డతడే. క్రీడావిలేఖరులు 46 మందిలో 43 మంది లిస్టన్ గెలుచునని వ్రాసిరి. పందెములు ఏడింటికి ఒకటిగా నడచెను. అనగా క్లేపై ఒక డాలరు కాచి గెలిచినవానికి ఏడు డాలర్లు లాభము.

ఆ విలేఖరులు అవివేకులు కారు. లిస్టన్ 1962లోను, 1963లోను ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను రెండుమారులును మొదటి రౌండుననే కూల్చియుండెను. క్లే యన్ననో, ఎనిమిది నెలల క్రితమే లండనులో హెన్రీ కూపర్ ఎడమచేతి దెబ్బకు నేలపై బడి, లేచి గెలిచినవాడు. చేతులు క్రిందికి విడిచి, తల వెనుకకు వాల్చి దెబ్బ తప్పించుకొను వాని పద్ధతి అనుభవజ్ఞులకు తప్పుగా తోచెను. అయితే అవే అంకెలను మరియొక విధముగా చదువవచ్చును. 1962, 1963 సంవత్సరములు రెంటను లిస్టన్ చేసిన పోరులు ఆ రెండే; వాని కాలము కలిపినను అయిదు నిమిషములు నిండదు. అంత త్వరగా గెలుచుట కలవాటుపడినవానికి ఆరవ రౌండున ఊపిరి యెట్లుండును? ఈ ప్రశ్న అడిగినవారు తక్కువ. క్లే చుట్టు తిరుగుచు పొడిచెను. లిస్టన్ పిడికిళ్లు పెక్కుమారులు గాలినే కొట్టెను. ఏడవ రౌండునకు గంట మ్రోగినపుడు లిస్టన్ తన మూలనున్న పీటపైనుండి లేవలేదు. ఎడమభుజమునకు దెబ్బ తగిలినదని చెప్పెను. బలమునకు సాక్ష్యముగా చూపిన అంకెయే బలహీనతను కప్పియుంచినది.

తాడిని తన్నువా డుండిన వాని తల దన్నువా డుండునని మన సామెత. జోస్యకారులు దీనిని నిచ్చెనగా చేసికొందురు: ఒకడు రెండవవానిని గెలిచెను, రెండవవాడు మూడవవానిని గెలిచెను, కావున మొదటివాడు మూడవవానిని తప్పక గెలుచును! 1971లో జో ఫ్రేజియర్ అలీని ఓడించెను. 1973లో కెన్ నార్టన్ అలీ దవడయెముక విరుగగొట్టి గెలిచెను. ఆ యిద్దరిని జార్జి ఫోర్‌మన్ ఒక్కొక్కనిని రెండేసి రౌండులలోనే ముగించెను. పోరులు 40, ఓటమి లేదు, కూల్చి గెలిచినవి 37. నిచ్చెన లెక్క ప్రకారము, 1974 అక్టోబరు 30వ తేదీన నాటి జైరు దేశపు రాజధాని కిన్షాసాలో, ముప్పదిరెండేండ్ల అలీకి ఆశయే లేదు. కాని ఫ్రేజియర్ ముందుకు వంగి చొచ్చుకొని వచ్చువాడు. అట్లు వచ్చువాడు ఫోర్‌మన్ పిడికిలికి తానుగా దొరకును. అలీ అట్లు రాలేదు. బరి త్రాళ్లకు ఆనుకొని, ముఖమునకు చేతులు అడ్డముపెట్టి, ఫోర్‌మన్‌ను కొట్టనిచ్చెను. కొట్టి కొట్టి అలసినవానిని ఎనిమిదవ రౌండున కూల్చెను. ముష్టియుద్ధమున నిచ్చెన లేదు. ప్రతి జంటకును వేరు లెక్క.

ఇంతవరకు గెలుపును గూర్చియే చెప్పితిమి. త్రాళ్లకు ఆనుకొని దెబ్బలు తినుట యుక్తియే గాని, తిన్న దెబ్బలు దెబ్బలే. 1984లో అలీకి పార్కిన్సన్ లక్షణములున్నట్లు వైద్యులు చెప్పిరి; 2016లో మరణించువరకు చేతులు వణకుచు, మాట తగ్గుచు ముప్పది యేండ్లకుపైగా జీవించెను. వాని వ్యాధికి దెబ్బలే కారణమని నిశ్చయించి చెప్పుట కష్టము. కాని తలకు పలుమారులు తగులు దెబ్బలు మెదడునకు శాశ్వతమైన హాని చేయునని నేడు వైద్యశాస్త్రము సంశయములేక చెప్పుచున్నది. 1982 నవంబరులో లాస్ వేగాస్‌లో దక్షిణ కొరియా యోధుడు కిమ్ దుక్ కూ పదునాలుగవ రౌండున కూలి, కొలది దినములలో మరణించెను. ఆ పిమ్మట ప్రపంచ బాక్సింగు మండలి విజేతపోరులను పదునైదు రౌండులనుండి పండ్రెండింటికి తగ్గించెను. ఇతర సంస్థలును క్రమముగా అనుసరించెను.

కావున మాకు మేలుగా తోచిన జోస్యము పత్రికలలో అచ్చు పడినది కాదు. 1975 అక్టోబరు 1వ తేదీన ఫిలిప్పీన్సు దేశమున అలీ, ఫ్రేజియర్ మూడవమారు తలపడిరి. పదునాలుగు రౌండులు ముగియునప్పటికి ఫ్రేజియర్ కండ్లు వాచి మూతపడియుండెను. వచ్చు దెబ్బ కనబడదు. మిగిలినది ఒక్క రౌండు. నేను పోరెదనని అతడు పట్టుబట్టెను. వాని శిక్షకుడు ఎడ్డీ ఫచ్ ఒప్పుకొనలేదు, పోరు చాలించెను. రాబోవు మూడు నిమిషములలో ఏమి జరుగునో ఆయన ముందుగా చూచెను. గెలుపెవరిదని ఆయన ఆలోచింపలేదు. ఈ మనిషి ఇంటికి ఎట్లు చేరునని ఆలోచించెను.

ఈమారు పెద్దపోరు వ్యాఖ్యానము మీ యింట రేడియోలో మ్రోగునపుడు మీరును జోస్యము చెప్పుడు. అందులో దోషము లేదు. గెలిచిన పోరుల సంఖ్యతోపాటు, ఆ సంఖ్య దేనిని దాచుచున్నదో కూడ అడుగుడు. గెలుపువార్త వచ్చిన పిదప వెంటనే రేడియో కట్టివేయక, ఓడినవాడు తన కాళ్లపై తాను నడచి వెళ్లెనా యను మాట వచ్చువరకు వినుడు.