గోవా ట్రాన్స్ సంగీతం

గోవా ట్రాన్స్ అనునది 1980ల చివర, 1990ల మొదట గోవా సముద్రతీరంలో జరిగిన రాత్రి వేడుకలనుండి రూపుదిద్దుకొన్న ఒక ఎలక్ట్రానిక్ నృత్య సంగీత శైలి. తరువాతి కాలంలో ప్రపంచమంతటా వ్యాపించిన సైకెడెలిక్ ట్రాన్స్ సంగీతం దీనినుండే పుట్టింది. సైకెడెలిక్ ట్రాన్స్‌ను క్లుప్తంగా సైట్రాన్స్ అని కూడా అంటారు. 1994 - 1998 మధ్య ఈ శైలి బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, ఇజ్రాయిల్ దేశాలలో మంచి ఆదరణ పొందింది.

ఈ సంగీతాన్ని తయారుచేసిన యంత్రాలలో చాలా భాగం అప్పటికే పాతబడినవి, తయారీ నిలిచిపోయినవి. పూర్తయిన పాటలను భద్రపరచిన డాట్ టేపులకు కూడా కాలం చెల్లింది. అందువలన ఈ సంగీతాన్ని నేడు తిరిగి వినడం, విడుదల చేయడం అనే విషయం పాత శబ్ద పరికరాల సంరక్షణతో విడదీయరానంతగా ముడిపడి ఉన్నది.

చరిత్ర

1961 వరకు పోర్చుగీసు పాలనలో ఉన్న గోవాకు 1960ల చివరినుండి అమెరికా, ఐరోపాలకు చెందిన హిప్పీలు రాసాగారు. అంజునా, వాగటోర్ తీరాలు వారి ముఖ్య స్థావరాలు. పౌర్ణమి రాత్రులలో మొదట గిటార్లు, డోళ్ళతోను, రాక్ సంగీతంతోను వేడుకలు జరిగేవి. 1980లలో ఐరోపానుండి వచ్చిన ఎలక్ట్రానిక్ సంగీతం క్రమంగా వాటి స్థానాన్ని ఆక్రమించింది. లారెంట్, ఫ్రెడ్ డిస్కో అనే డీజేలు ఈ మార్పుకు ఆద్యులుగా చెప్పబడుతారు. 1951లో కాలిఫోర్నియాలో జన్మించి, 1970 ప్రాంతంలో గోవాకు వచ్చిన గోవా గిల్ ఈ వేడుకలకు ప్రపంచవ్యాప్తంగా గుర్తింపు తెచ్చాడు. ఆయన 2023 అక్టోబరులో మరణించాడు.

ఈ డీజేలు ఐరోపా రికార్డులను ఉన్నవి ఉన్నట్లుగా వినిపించలేదు. పాడే భాగాలను తొలగించి, కేవలం వాద్య భాగాలను టేపుపై ఒకదాని తరువాత ఒకటిగా అతికి, పొడవైన కూర్పులను సిద్ధం చేసేవారు. మాటలు లేకుండా గంటల తరబడి సాగే సంగీతానికి శ్రోతలు ఇక్కడే అలవాటుపడ్డారు. తమ దేశాలకు తిరిగివెళ్ళిన సంగీతకారులు ఆ వేడుకలకోసమే పాటలు తయారుచేయడంతో 1990ల మొదట ఇది ప్రత్యేక శైలిగా స్థిరపడింది.

లండన్‌లో డ్రాగన్‌ఫ్లై, టిప్ వంటి రికార్డు సంస్థలు ఈ సంగీతాన్ని ప్రచురించాయి. 1994 డిసెంబరులో పాల్ ఓకెన్‌ఫోల్డ్ బీబీసీ రేడియో 1లో వినిపించిన రెండు గంటల "గోవా మిక్స్" దీనిని సాధారణ శ్రోతలకు పరిచయం చేసింది. ఈ సంస్కృతికి మొదటినుండి ఎల్.ఎస్.డి. వంటి మాదకద్రవ్యాలతో సంబంధం ఉన్నది. శైలి పేరులోని "సైకెడెలిక్" అనే మాట ఆ నేపథ్యంనుండి వచ్చినదే. బహిరంగ స్థలాలలో రాత్రి 10 గంటలనుండి ఉదయం 6 గంటలవరకు లౌడ్‌స్పీకర్ల వాడకాన్ని నియంత్రించే కేంద్ర నియమావళి 2000లో అమలులోకి వచ్చిన తరువాత గోవాలో పాత తరహా వేడుకలు తగ్గిపోయాయి.

సంగీత లక్షణాలు

గోవా ట్రాన్స్ వేగం సాధారణంగా నిమిషానికి 135నుండి 150 దరువుల వరకు ఉంటుంది. ప్రతి దరువుకు ఒక మద్దెల దెబ్బ పడుతుంది. ఒక్కొక్క దరువును నాలుగు భాగాలు చేసి, ప్రతి భాగంలో ఒక స్వరాన్ని ఉంచడం ఈ శైలిలో సామాన్యం. నిమిషానికి 145 దరువుల వేగంలో అటువంటి ఒక్కొక్క స్వరం నిడివి సెకనులో పదవ వంతు మాత్రమే. ఇటువంటి స్వర వరుసలు నాలుగైదు ఒకదానిపై ఒకటి పేర్చబడతాయి. ఒక్కొక్క పాట 7నుండి 10 నిముషాలు సాగుతుంది.

ఈ పాటలలో తూర్పు దేశాల సంగీతాన్ని తలపించే స్వరస్థానాలు తరచు వినిపిస్తాయి. పాశ్చాత్యులు ఫ్రిజియన్ అని పిలిచే స్వరశ్రేణి కర్ణాటక సంగీతంలోని 8వ మేళకర్త హనుమతోడి స్వరాలతో సరిపోతుంది. ఫ్రిజియన్ డామినెంట్ స్వరాలు 14వ మేళకర్త వకుళాభరణానికి సమానం. అయితే ఈ పోలిక స్వరస్థానాలకు మాత్రమే పరిమితం. గమకాలు, సంచారాలు లేనందున దీనిని రాగాలాపనగా భావించరాదు.

చరణ్‌జిత్ సింగ్ ప్రయోగం

భారతీయ రాగాలను ఇవే యంత్రాలపై వినిపించిన ప్రయోగం ఒకటి గోవా ట్రాన్స్‌కు చాలా ముందే బొంబాయిలో జరిగింది. హిందీ చలనచిత్రాలలో వాద్యకారుడైన చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ సంస్థవారి టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8 యంత్రాలతో భైరవ్, లలిత్, యమన్ మొదలైన పది రాగాలను డిస్కో దరువుపై రికార్డు చేశాడు. ఆ ఆల్బం పేరు "సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్". అప్పట్లో అది అంతగా ఆదరణ పొందలేదు. 2010లో తిరిగి విడుదలైనపుడు, షికాగోలో 1987లో వెలువడిన "యాసిడ్ ట్రాక్స్" కంటే ముందే అటువంటి ధ్వనిని కలిగియున్నందుకు శ్రోతలు ఆశ్చర్యపోయారు. ఆయన 2015లో మరణించాడు. ఈ ఆల్బంను గోవా ట్రాన్స్‌కు మూలం అనలేము గాని, ఒకే యంత్రం వేర్వేరు చేతులలో ఒకే విధమైన ధ్వనికి దారితీసిందనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఉపయోగించిన పరికరాలు

టీబీ-303

గోవా ట్రాన్స్‌లో అన్నిటికంటె తేలికగా గుర్తుపట్టగల ధ్వని రోలాండ్ టీబీ-303ది. తడాఓ కికుమోటో రూపకల్పన చేసిన ఈ యంత్రాన్ని, ఒంటరిగా సాధన చేసుకొనే గిటార్ వాద్యకారులకు బాస్ గిటార్ తోడు ఇచ్చే ఉద్దేశంతో 1981లో విడుదల చేశారు. దీని ధ్వని బాస్ గిటార్‌ను పోలకపోవడంవలన, స్వరాలను నమోదు చేసే పద్ధతి క్లిష్టంగా ఉండడంవలన వ్యాపారపరంగా విఫలమైంది. సుమారు 10,000 యంత్రాలు తయారైన తరువాత 1984లో ఉత్పత్తి నిలిచిపోయింది. ఆ తరువాత పాత సామాను దుకాణాలలో చవకగా దొరికినందువలననే ఇది పెద్దగా డబ్బులేని యువ సంగీతకారుల చేతికి చేరింది.

దీని పనితీరు సరళమైనది. ఒక డోలకం రంపపు పళ్ళ ఆకారంలో గాని, చతురస్రాకారంలో గాని తరంగాన్ని పుట్టిస్తుంది. ఆ తరంగం ఒక ఫిల్టర్ గుండా పోతుంది. ఫిల్టర్ ఎక్కువ పౌనఃపున్యాలను ఆపివేసి, తక్కువవాటిని మాత్రమే పోనిస్తుంది. ఎక్కడ ఆపవలెనో నిర్ణయించే మీటను త్రిప్పుతుంటే ధ్వని మొద్దుబారుతూ, మళ్ళీ పదునెక్కుతూ ఉంటుంది. అనునాదాన్ని పెంచితే ఆ సరిహద్దు వద్దనున్న పౌనఃపున్యాలు ఉబ్బి, కీచుమనే ధ్వని వస్తుంది. 16 స్వరాల వరుసలో ఏ స్వరంపై ఊనిక ఉండాలో, ఏ స్వరంనుండి తరువాతి స్వరానికి జారవలెనో ముందుగా నమోదు చేయవచ్చు. ఈ జారుడు కర్ణాటక సంగీతంలోని జారు గమకాన్ని కొంతవరకు తలపిస్తుంది. వరుస మారకుండా మీటలను మాత్రమే నెమ్మదిగా త్రిప్పుతూ పది నిముషాల పాటను నడిపించడం గోవా ట్రాన్స్ పద్ధతి.

ఇతర పరికరాలు

* రోలాండ్ ఎస్‌హెచ్-101 (1982): ఒకసారికి ఒకే స్వరం పలికే చిన్న అనలాగ్ సింథసైజర్. దీనిలో 100 స్వరాలవరకు వరుసగా నమోదు చేయవచ్చు.
* రోలాండ్ టీఆర్-909 (1983): మద్దెల దెబ్బకు, తాళాల ధ్వనికి ఎక్కువగా వాడబడిన యంత్రం.
* రోలాండ్ జునో-106 (1984): ఒకేసారి ఆరు స్వరాలు పలుకగలదు. నేపథ్య శ్రుతులకు వాడేవారు.
* కోర్గ్ ఎంఎస్-20 (1978): తీగెలతో భాగాలను కలిపి విచిత్ర ధ్వనులు పుట్టించడానికి అనువైనది.
* అకాయ్ ఎస్1000 (1988): ధ్వనిని నమోదు చేసి కోరిన శ్రుతిలో తిరిగి వినిపించే శాంప్లర్. మొదట దీనితో వచ్చిన 2 మెగాబైట్ల మెమరీలో సుమారు 12 సెకన్ల స్టీరియో ధ్వని మాత్రమే పట్టేది. పాటలలో వినవచ్చే సినిమా సంభాషణలు ఒకటి రెండు వాక్యాలకు మించకపోవడానికి ఇదొక కారణం.
* అటారీ ఎస్‌టీ కంప్యూటర్ (1985): మిడి సాకెట్లు ఇందులోనే అమర్చబడి ఉండడంవలన ఇతర యంత్రాలన్నిటిని నడిపించే సూత్రధారిగా ఉపయోగపడింది.

డాట్ టేపు ప్రభావం

గోవా ఎండకు, దుమ్ముకు వినైల్ రికార్డులు వంకరపోయేవి. వాటిని మోసుకుతిరగడం కూడా కష్టమే. అందువలన అక్కడి డీజేలు మొదట క్యాసెట్లను, తరువాత 1987లో సోనీ విడుదల చేసిన డాట్ టేపులను వాడారు. డాట్ టేపు సుమారు 4 మిల్లీమీటర్ల వెడల్పు ఉండి, సెకనుకు 48,000 నమూనాల చొప్పున 16 బిట్ల డిజిటల్ ధ్వనిని నమోదు చేస్తుంది. టేపు సెకనుకు 8.15 మిల్లీమీటర్లు మాత్రమే కదులుతుంది. నిమిషానికి 2,000 సార్లు తిరిగే డ్రమ్ముపైనున్న హెడ్లు దానిపై ఏటవాలుగా గీతలు వ్రాస్తాయి.

చేతిలో పట్టే డాట్ యంత్రాలలో వేగాన్ని మార్చే సదుపాయం లేదు. కనుక వినైల్ రికార్డులతో చేసినట్లు రెండు పాటల దరువులను కలిపి నడపడం సాధ్యమయ్యేది కాదు. ఆ కారణంగా గోవా ట్రాన్స్ పాటలు తరచు దరువులేని ఆలాపనవంటి ధ్వనితో మొదలై, అటువంటి ధ్వనితోనే ముగుస్తాయి. ఒక పాట చివరను మరొక పాట మొదటితో కలపడానికి ఇది వీలు కల్పించింది. ఈ విధంగా ఒక పరికరపు లోపమే ఈ శైలికి ఒక లక్షణమైంది.

ముఖ్యమైన ఆల్బంలు

* జునో రియాక్టర్ (బ్రిటన్): ట్రాన్స్‌మిషన్స్, 1993
* ది ఇన్ఫినిటీ ప్రాజెక్ట్ (బ్రిటన్): మిస్టికల్ ఎక్స్‌పీరియన్సెస్, 1995
* హెలూసినోజెన్ (బ్రిటన్): ట్విస్టెడ్, 1995. హెలూసినోజెన్ అనునది సైమన్ పాస్‌ఫర్డ్ కలంపేరువంటి పేరు.
* మ్యాన్ విత్ నో నేమ్ (బ్రిటన్): మొమెంట్ ఆఫ్ ట్రూత్, 1996
* ఆస్ట్రల్ ప్రొజెక్షన్ (ఇజ్రాయిల్): డాన్సింగ్ గెలాక్సీ, 1997
* ప్లీయాడియన్స్ (ఇటలీ): ఐ.ఎఫ్.ఓ., 1997

క్షీణత, పునరాగమనం

1997 తరువాత శ్రోతల అభిరుచి మారింది. రాగఛాయలు తగ్గి, బాస్ ప్రధానమైన సైట్రాన్స్ ముందుకు వచ్చింది. అదే సమయంలో సంగీత తయారీ యంత్రాలనుండి కంప్యూటర్‌కు మారసాగింది. 1997లో వెలువడిన రీబర్త్ అనే సాఫ్ట్‌వేర్ టీబీ-303 ధ్వనిని తెరపైకి తెచ్చింది. అప్పటినుండి చాలామంది తమ యంత్రాలను అమ్మివేశారు.

2000లలో పాత శైలిపై మళ్ళీ ఆసక్తి కలిగింది. 2004లో బెల్జియంలో సన్‌ట్రిప్ రికార్డ్స్ మొదలైంది. అదే సంవత్సరం వారు విడుదల చేసిన స్వీడన్ కళాకారుడు ఫిల్టేరియా ఆల్బం "స్కై ఇన్‌పుట్" కొత్త తరానికి దారిచూపింది. యంత్రాల తయారీదారులు కూడా ఈ ఆసక్తిని గమనించారు. కోర్గ్ 2013లో ఎంఎస్-20 చిన్న రూపాన్ని, రోలాండ్ 2016లో టీబీ-03ని, బెరింగర్ 2019లో టీడీ-3ని విడుదల చేశాయి. వీటిలో టీబీ-03 డిజిటల్ పద్ధతిలో పాత ధ్వనిని అనుకరిస్తుంది. టీడీ-3 అనలాగ్ విద్యుద్వలయాలతోనే పనిచేస్తుంది.

సంరక్షణలో సమస్యలు

పాత యంత్రాలను కొత్తవాటితో కొంతవరకు భర్తీ చేయవచ్చును. జునో-106లో 80017ఏ అనే ఆరు చిప్‌లపైనున్న పూత కాలక్రమేణా చెడి, స్వరాలు ఒక్కొక్కటిగా మూగబోతాయి. మరమ్మతు చేసేవారు ఆ చిప్‌లను అసిటోన్‌లో నానబెట్టి, పూతను తొలగించి తిరిగి పనిచేయిస్తారు. ఇతర యంత్రాలలో కెపాసిటర్లు ఎండిపోవడం, మీటలలో దుమ్ము చేరడం మామూలు. ఇవన్నీ ఓపికతో బాగుచేయగలిగినవే.

టేపుల విషయం అటువంటిది కాదు. 1990లలో తయారైన పాటలన్నీ సీడీలుగా వెలువడలేదు. డీజేలకు చేతికిచ్చిన డాట్ ప్రతులలో మాత్రమే మిగిలిన పాటలు అనేకం. సోనీ 2005లో డాట్ యంత్రాల తయారీని ఆపివేసింది. మిగిలిన యంత్రాల హెడ్లు అరిగిపోతున్నాయి. మామూలు క్యాసెట్ పాడైతే బుసబుసమనే శబ్దం పెరిగినా పాట వినిపిస్తూనే ఉంటుంది. డాట్ టేపు కొంతవరకు తన తప్పులను తానే సరిదిద్దుకొంటుంది. ఆ హద్దు దాటితే ఆ భాగంలో ధ్వని పూర్తిగా ఆగిపోతుంది. అందుచేత టేపు బాగా వినిపిస్తున్నదంటే అది భద్రంగా ఉన్నదని అర్థం కాదు. సాధారణ డాట్ యంత్రంనుండి రెండు గంటల టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి రెండు గంటలూ పడుతుంది. కంప్యూటర్ సమాచారానికై తయారైన కొన్ని టేపు డ్రైవులు మాత్రం తగిన అంతర్గత సాఫ్ట్‌వేర్‌తో ధ్వనిని నేరుగా చదువగలవు.

పాట కోలుకున్న తరువాత మరొక ప్రశ్న ఎదురవుతుంది. నేటి శ్రోతల అలవాటుకు తగినట్లుగా శబ్ద తీవ్రతను పెంచి విడుదల చేస్తే, పాతకాలపు మిశ్రమంలోని మంద్ర, తీవ్ర భాగాల మధ్యనున్న తేడా తగ్గిపోతుంది. దరువు ఆగి, ఒక్క స్వరం మిగిలి, మళ్ళీ దరువు వచ్చి పడే ఘట్టాలపై ఆధారపడిన సంగీతానికి ఇది చిన్న నష్టం కాదు. కనుక టేపులోని ధ్వనిని మార్పులేకుండా ఒక ప్రతిగా దాచి, విడుదలకు వేరొక ప్రతిని సిద్ధం చేయడం సరైన పద్ధతి.

ఇవి కూడా చూడండి

* సింథసైజర్
* మేళకర్త రాగాలు
* గోవా
* హిప్పీ