రోమన్ సామ్రాజ్య నాణేల సేకరణ

రోమన్ సామ్రాజ్య నాణేల సేకరణ అనగా క్రీ.పూ. 27లో అగస్టస్ చక్రవర్తి అయినది మొదలు క్రీ.శ. 5వ శతాబ్దం వరకు రోమన్ చక్రవర్తుల పేరిట ముద్రితమైన నాణేలను సేకరించి, గుర్తించి, అధ్యయనం చేయడం. వీటిలో అధికభాగం భూమిలో పాతిపెట్టిన నిక్షేపాలుగా లభించాయి. అందుచేత నాణెం ఎంత విలువైనదో, అది ఎక్కడ, వేటితో కలిసి దొరికిందన్న సమాచారమూ అంత విలువైనది.

నాణేల రకాలు

బంగారు నాణెం ఆరియస్, వెండి నాణెం డెనారియస్, ఇత్తడి నాణెం సెస్టెర్షియస్, రాగి నాణెం ఆస్. ఒక ఆరియస్‌కు 25 డెనారియస్‌లు, ఒక డెనారియస్‌కు 4 సెస్టెర్షియస్‌లు లేదా 16 ఆస్‌లు. సంస్కృతాంధ్రాలలోని దీనారము అనే పదం డెనారియస్ నుండి వచ్చినదే.

బొమ్మ, బొరుసు

బొమ్మవైపు సాధారణంగా చక్రవర్తి శిరస్సు, చుట్టూ సంక్షిప్తాక్షరాలలో ఆయన బిరుదులు ఉంటాయి. వాటిలో ట్రిబ్యూన్ అధికారపు సంఖ్య ఏటా పెరిగేది కనుక, ఆ సంఖ్య ఉన్న నాణెం ఏ సంవత్సరానిదో చెప్పవచ్చు. బొరుసువైపు దేవతలు, విజయాలు, కట్టడాలు కనిపిస్తాయి. టైటస్ కాలపు ఒక సెస్టెర్షియస్‌పై క్రీ.శ. 80లో ప్రారంభమైన కొలోసియం చిత్రం ఉంది.

వెండి తరుగుదల

అగస్టస్ కాలంలో డెనారియస్ దాదాపు స్వచ్ఛమైన వెండి. క్రీ.శ. 64లో నీరో దాని బరువును, వెండి పాలును తగ్గించాడు. 215లో కారకల్లా ప్రవేశపెట్టిన అంటోనినియానస్ అనే నాణెంలో, గాలియెనస్ పాలన ముగిసేనాటికి (268) వెండి 5 శాతం కంటె తక్కువ. సైన్యపు జీతాలు, యుద్ధాలు ఖజానాను ఎంత పీడించాయో ఈ నాణేలే చెబుతాయి.

రెండు నిక్షేపాలు

1780వ దశకంలో నెల్లూరు సమీపంలో పొలం దున్నుతున్న ఒక రైతుకు శిథిలాలయం క్రింద రోమన్ బంగారు నాణేల కుండ దొరికింది. అతడు వాటిని పాత బంగారంగా అమ్మివేయగా అనేకం కరిగిపోయాయి. ట్రాజన్, హేడ్రియన్, ఫౌస్టీనాల నాణేలు సహా సుమారు 30 మాత్రమే దక్కాయి. ఆ కుండలో మొత్తం ఎన్ని నాణేలుండేవో, చిట్టచివరిది ఎవరిదో తెలుసుకొనే మార్గం లేదు.

2010లో ఇంగ్లాండులోని ఫ్రోమ్ వద్ద లోహశోధకంతో వెదుకుతున్న ఒక వ్యక్తి, కుండ కనబడగానే తవ్వకం ఆపి అధికారులకు తెలియజేశాడు. పురావస్తు నిపుణులు 52,503 నాణేలను పొరలు పొరలుగా వెలికితీశారు. బ్రిటనును వేరుచేసి ఏలిన కరౌసియస్ (286–293) నాణేలు అందులో అన్నిటికంటె కొత్తవి. అవి ఎక్కువగా కుండ సగం కంటె దిగువన కనిపించాయి. కనుక ఆ సొమ్ము ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా దాచినది కాదని, ఒకేసారి కుండలో పోసినదని తేలింది. నాణేలను ఒక్కసారిగా కుమ్మరించి ఉంటే ఈ సంగతి బయటపడేది కాదు.

సేకరణలో జాగ్రత్తలు

నకిలీల బెడద చాలా పాతది. జర్మనీకి చెందిన బెకర్ (1772–1830) చేసిన నకిలీలు నిపుణులను సైతం మోసగించాయి. నాణెం పూర్వచరిత్రను తెలిపే పత్రాలు లేనిదే కొనరాదు. పాత పట్టును గట్టిగా తోమితే నాణెం చెడిపోతుంది. భారతదేశంలో 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణేలను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు.

ఇవి కూడా చూడండి

నాణేల శాస్త్రం
రోమన్ సామ్రాజ్యం
శాతవాహనులు