ఓడ జాడ చెప్పే తపాలా ముద్ర

ఉత్తరం రాగానే పోస్టాఫీసు ముద్రకేసి చూడటం మన పల్లెల్లో పెద్దలకు అలవాటు. ఏ ఊళ్లో వేశారో, ఎన్నాళ్లకు చేరిందో ఆ నల్లటి గుండ్రమే చెప్పేస్తుంది. కొడుకు నౌకాదళంలో ఉంటే మాత్రం ఇంటివారు రాసే చిరునామా వేరు. ఓడ పేరు, దాని కింద ఫ్లీట్ మెయిల్ ఆఫీసు, విశాఖపట్నం. ఓడ ఏ సముద్రంలో ఉందో అందులో ఉండదు. దీనికి కారణం లేకపోలేదు.

అమెరికావారు 1908లో చట్టం చేసి యుద్ధనౌకల మీదే తపాలా ఆఫీసులు తెరిచారు. నావికుల్లో ఒకడే గుమాస్తా. గుండ్రటి ముద్రలో ఓడ పేరు, తేదీ. పక్కన స్టాంపును రద్దుచేసే అడ్డగీతలు. ఆ గీతల నడుమ ఓడ ఆగిన రేవు పేరో, ఆనాటి విశేషమో అక్షరాలు పేర్చి కొట్టేవారు. 1930 దశకంలో ఈ ముద్రల మీద జనానికి మోజు పుట్టింది. ఓడ ముఖం చూడనివారు సైతం తమ చిరునామా తామే రాసుకున్న కవర్లకు స్టాంపు అంటించి, ముద్ర కొట్టి తిప్పి పంపమని ఓడకు రాసేవారు. 1932లో ఇందుకోసం ఒక సంఘమే వెలిసింది. ఓడ పనికి తోడు ఈ కవర్ల పని కూడా ఆ గుమాస్తా నెత్తినే పడింది, పాపం!

అలాంటి కవర్లు వరసగా పేర్చితే ఓడ ఎప్పుడు ఎక్కడ ఉందో తెలిసిపోతుంది. సేకరించేవారికి అది సరదా, శత్రువుకు సమాచారం. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద జపాను దాడిచేసింది. ఒక్క అరిజోనా నౌక మీదే 1,177 మంది చనిపోయారు. యుద్ధంలో దిగాక అమెరికా తన ముద్రల్లోంచి ఓడల పేర్లు తీసేసింది. కవరు మీద సెన్సారు ముద్ర చేరింది. 1942 ఏప్రిల్ నుంచి సైనికులకు స్టాంపు కూడా అక్కరలేదు, ‘ఫ్రీ’ అని రాస్తే చాలు. బిడ్డ ఎక్కడున్నాడో తెలియని తల్లికి కవరు మీది చేతిరాతే ధైర్యం.

1945 సెప్టెంబరు 2న టోక్యో అఖాతంలో మిస్సోరీ నౌక మీద జపాను లొంగుబాటు పత్రంపై సంతకం చేసింది. ఆనాటి ముద్రలో ఓడ పేరు, అఖాతం పేరు రెండూ ఉన్నాయి. ఇక దాచవలసిన పని లేదు.

ఇంటి కబురు ఓడ జాడ చెబుతుందన్న ఈ భయాన్నే విశాఖలో తలకిందులు చేసి వాడుకున్నారు. 1971 యుద్ధంలో విక్రాంత్ నౌకను అండమాన్ వైపు దాచి, అది విశాఖ దగ్గరే ఉన్నట్టు నమ్మించారు. జబ్బుపడిన తల్లి క్షేమం అడుగుతూ విక్రాంత్ నావికుడొకడు పంపినట్టుగా ఒక సందేశాన్ని రహస్య లిపి లేకుండా వదిలారట. నాటి తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ తన జ్ఞాపకాల్లో ఈ సంగతి రాశారు. విక్రాంత్ కోసం వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ విశాఖ ఎదుటే మునిగింది. ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాల మాటలూ ఒకటి కావు.

ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున నావికుడి పాత ఉత్తరాలు ఉన్నవారికి ఒక మాట. స్టాంపు బాగుందని నీళ్లలో నానబెట్టి ఊడదీయకండి. దానితో ముద్ర సగం పోతుంది. కవరు కవరుగానే, చెమ్మ తగలకుండా ఉంచండి. లోపలి కాగితం కూడా.