నాన్సీ పెలోసీ సీటు ఎవరికి? 39 ఏళ్ల తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో అసలు పోటీ.. గెలిచే పార్టీ తెలిసినా ఎందుకింత ఉత్కంఠ?

అమెరికాలో ఓ సీటు ఉంది. అక్కడ ఏ పార్టీ గెలుస్తుందో ఇప్పుడే చెప్పేయొచ్చు. కానీ ఎవరు గెలుస్తారో మాత్రం ఎవరూ చెప్పలేకపోతున్నారు. అదే శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఎక్కువ భాగం ఉన్న కాలిఫోర్నియా 11వ కాంగ్రెస్ నియోజకవర్గం. 1987 నుంచి ఈ సీటు నాన్సీ పెలోసీదే. అమెరికా ప్రతినిధుల సభకు తొలి మహిళా స్పీకర్ ఆమే. 2026లో మళ్లీ పోటీ చేయనని 2025 నవంబర్ 6న ఆమె ప్రకటించారు. దీంతో సీటు ఖాళీ అయింది, పోటీ మొదలైంది.

అసలు ఈ ఎన్నిక ఎలా జరుగుతుంది? ఒకే పార్టీ వాళ్లు ఒకరిపై ఒకరు ఎందుకు పోటీ పడుతున్నారు? సింపుల్‌గా చూద్దాం.

ఎంత సేఫ్ సీటు ఇది?

1949 నుంచి ఈ సీటు డెమొక్రాట్ల చేతుల్లోనే ఉంది. 2024లో పెలోసీకి దాదాపు 81 శాతం ఓట్లు పడ్డాయి. ప్రత్యర్థిగా నిలబడ్డ రిపబ్లికన్‌కు 19 శాతం దగ్గరే ఆగిపోయింది. అక్కడ ప్రతినిధుల సభ పదవీకాలం రెండేళ్లే. అంటే 1987 ఉప ఎన్నికతో కలిపి పెలోసీ ఇప్పటిదాకా 20 సార్లు గెలిచారు.

ఈ 20 ఎన్నికల్లో ఆమెకు చెమటలు పట్టించింది ఎన్నో తెలుసా? ఒక్కటే. అది మొదటిది. ఇప్పుడేం జరగబోతోందో అర్థం కావాలంటే ముందు ఆ కథ తెలియాలి.

1987లో ఏం జరిగింది?

1964 నుంచి ఈ సీటు ఫిలిప్ బర్టన్ అనే డెమొక్రాట్ నేతది. 1983లో ఆయన చనిపోయారు. ఉప ఎన్నికలో ఆయన భార్య సాలా బర్టన్ గెలిచారు. ఇలాంటి ఉప ఎన్నికలు మనకూ కొత్త కాదు. 1987 ఫిబ్రవరిలో క్యాన్సర్‌తో సాలా కూడా కన్నుమూశారు. చనిపోయే ముందు తన వారసురాలిగా ఓ పేరు చెప్పారు. ఆ పేరే నాన్సీ పెలోసీ.

అప్పటికి పెలోసీ వయసు 47. ఐదుగురు పిల్లల తల్లి. రాష్ట్ర పార్టీ అధ్యక్షురాలిగా చేశారు, విరాళాలు సేకరించడంలో దిట్ట. కానీ ప్రజలు ఓటేసి ఎన్నుకున్న పదవి ఒక్కటి కూడా అంతకుముందు చేయలేదు. ఆమెకు గట్టి పోటీ ఇచ్చింది హ్యారీ బ్రిట్. హత్యకు గురైన హార్వీ మిల్క్ స్థానంలో నగర పాలక మండలికి వచ్చిన నేత ఆయన. స్వలింగ సంపర్కుల హక్కుల ఉద్యమానికి అప్పట్లో ఆయనే పెద్ద గొంతు.

ఏప్రిల్‌లో తొలి రౌండ్ జరిగింది. పెలోసీకి సుమారు 36 శాతం, బ్రిట్‌కు 32 శాతం. తేడా 4 వేల ఓట్లు మాత్రమే. 

ఇక్కడే ట్విస్ట్. అప్పటి రూల్ ప్రకారం ఎవరికీ సగానికి పైగా ఓట్లు రాకపోతే, ఒక్కో పార్టీ నుంచి టాప్‌లో ఉన్నవాళ్లే తుది పోరుకు వెళ్తారు. బ్రిట్ మొత్తం మీద రెండో స్థానంలో ఉన్నా, ఆయనదీ పెలోసీ పార్టీయే కాబట్టి ఇంటికి వెళ్లిపోవాల్సి వచ్చింది. జూన్ 2న రిపబ్లికన్ అభ్యర్థిపై పెలోసీ ఈజీగా గెలిచేశారు. ఆ తర్వాత 39 ఏళ్లు వెనక్కి తిరిగి చూసుకోలేదు.

ఆ 4 వేల ఓట్లు అటు ఇటు అయి ఉంటే? 2007లో తొలి మహిళా స్పీకర్ వేరెవరైనా అయ్యేవారేమో. 2010లో ఒబామా ఆరోగ్య బీమా చట్టం 219-212 తేడాతో గట్టెక్కింది. ఆ ఓట్లు కూడగట్టింది స్పీకర్‌గా పెలోసీయే. ఒక సేఫ్ సీటు ఒక్కసారి ఖాళీ అయినప్పుడు పడే ఓటు ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి ఇది చాలు.

మరి ఇప్పుడు రూల్ ఏంటి?

మన దగ్గర పార్టీ టికెట్ ఎవరికన్నది హైకమాండ్ తేలుస్తుంది. ఓటరు దగ్గరికి వచ్చేసరికి అభ్యర్థి రెడీగా ఉంటాడు. అక్కడ అలా కాదు. పార్టీ ఎవరికైనా మద్దతు ప్రకటించొచ్చు గానీ, మిగతా వాళ్లను బరిలోకి దిగకుండా ఆపలేదు. ముందు ప్రైమరీ అనే ఎన్నిక జరుగుతుంది. వడపోత అక్కడే.

కాలిఫోర్నియాలో 2012 నుంచి ‘టాప్ టూ’ పద్ధతి నడుస్తోంది. లెక్క ఇలా ఉంటుంది..

- అన్ని పార్టీల అభ్యర్థుల పేర్లూ ఒకే బ్యాలెట్‌పై ఉంటాయి.
- ఏ పార్టీ ఓటరైనా ఎవరికైనా ఓటేయొచ్చు.
- మొదటి రెండు స్థానాల్లో ఉన్నవాళ్లే నవంబర్ ఎన్నికకు వెళ్తారు. ఇద్దరిదీ ఒకే పార్టీ అయినా సరే.
- ప్రైమరీలో ఒకరికి సగానికి మించి ఓట్లు వచ్చినా, నవంబర్ పోరు తప్పదు.

అంటే 1987లో ఈ రూల్ ఉండి ఉంటే బ్రిట్‌కు రెండో ఛాన్స్ దొరికేది. 2020లో ఈ సీట్లో అదే జరిగింది. నవంబర్‌లో పెలోసీకి ఎదురు నిలిచింది సొంత పార్టీకే చెందిన షాహిద్ బుట్టార్. అయితే అప్పుడు సిట్టింగ్ ఎంపీ బరిలో ఉన్నారు కాబట్టి ఆయన 22 శాతం దాటలేకపోయారు. ఈసారి సిట్టింగ్ లేరు.

ఈసారి ప్రైమరీ తేదీ 2026 జూన్ 2. పెలోసీ తొలిసారి గెలిచింది కూడా జూన్ 2నే. తుది ఎన్నిక నవంబర్ 3న.

బరిలో ఎవరెవరు?

ప్రధానంగా మూడు పేర్లు వినిపిస్తున్నాయి. ముగ్గురూ డెమొక్రాట్లే.

స్కాట్ వీనర్: రాష్ట్ర సెనేటర్. ఇళ్ల కొరత తీరాలంటే కట్టుకోనివ్వాలి అన్నది ఆయన లైన్. రైలు, బస్ స్టాప్‌ల దగ్గర ఎత్తయిన అపార్ట్‌మెంట్లకు దారి తెరిచే ఎస్‌బీ 79 చట్టం ఆయన తెచ్చిందే. 2025 అక్టోబర్‌లో, పెలోసీ తన నిర్ణయం చెప్పకముందే బరిలోకి దిగారు.

సైకత్ చక్రవర్తి: బెంగాలీ తల్లిదండ్రులకు టెక్సాస్‌లో పుట్టారు. స్ట్రైప్ కంపెనీలో తొలినాళ్ల ఇంజినీర్. ఆ తర్వాత బెర్నీ శాండర్స్ ప్రచారంలో పనిచేశారు. అలెగ్జాండ్రియా ఒకాసియో కోర్టెజ్‌కు తొలి చీఫ్ ఆఫ్ స్టాఫ్. పార్టీలో పాత తరం తప్పుకోవాలి అంటూ, పెలోసీ సీట్లో ఉండగానే 2025 ఫిబ్రవరిలో సవాల్ విసిరారు.

కానీ చాన్: నగర పాలక మండలి సభ్యురాలు. హాంకాంగ్‌లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా వచ్చారు. కార్మిక సంఘాలతో దగ్గరి సంబంధాలున్న నేత. ఎత్తయిన భవనాలకు గేట్లు ఎత్తేస్తే అద్దెకుండేవాళ్లు, చిన్న దుకాణాలు నష్టపోతాయన్నది ఈమె వాదన.

చూశారుగా.. పార్టీ ఒకటే అయినా దారులు మూడు. సామాన్యుడికి ఇల్లు దొరకడమే గగనమైన నగరంలో ఆ తేడా చిన్నదేం కాదు.

రిపబ్లికన్ ఓటుకు విలువ ఉందా?

విచిత్రంగా, ఉంది. నవంబర్‌లో ఇద్దరు డెమొక్రాట్లే మిగిలితే, రిపబ్లికన్ ఓటరు ఇంట్లో కూర్చోవాలి, లేదా ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవాలి. డెమొక్రాట్ల ఓట్లు సగం సగం చీలితే ఆ 15, 20 శాతమే గెలుపును తేల్చేస్తుంది. అందుకే జూన్‌లో సొంత వర్గాన్ని కూడగట్టినవాళ్లు, నవంబర్‌కల్లా అందరి తలుపూ తట్టాల్సిందే.

దీనికి రివర్స్ కూడా ఉంది. ప్రైమరీలో డెమొక్రాట్ల ఓట్లు మరీ ఎక్కువ మంది మధ్య చీలితే, తక్కువ ఓట్లతోనే ఓ రిపబ్లికన్ రెండో స్థానంలోకి రావచ్చు. అప్పుడు నవంబర్ పోరు పేరుకే. అసలు ఫలితం జూన్‌లోనే తేలిపోయినట్టు.

మనవాళ్లకు ఇక్కడ ఓటుందా?

బే ఏరియాలో తెలుగువాళ్లు ఎక్కువగా కనిపించే ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్‌హోసే ఈ సీటు పరిధిలోకి రావు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఉంటున్నా, అమెరికా పౌరసత్వం ఉంటేనే ఓటు. హెచ్1బీ వీసా మీద, గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లకు ఓటు లేదు. పౌరసత్వం తీసుకున్నవాళ్లు పేరు నమోదు చేసుకుంటే బ్యాలెట్ పోస్టులో నేరుగా ఇంటికే వస్తుంది. 

ఫైనల్‌గా తేలేదేంటి?

1964 నుంచి ఇప్పటిదాకా ఈ సీట్లో కూర్చున్నది ముగ్గురే. ఫిలిప్ బర్టన్, సాలా బర్టన్, నాన్సీ పెలోసీ. అంటే 1987లో ఓటేసిన పాతికేళ్ల యువతికి ఇప్పుడు 64 ఏళ్లు. తన ఎంపీని నిజంగా ఎంచుకునే అవకాశం ఆమెకు మళ్లీ ఇప్పుడే వచ్చింది.

సాధారణంగా జూన్ ప్రైమరీకి నవంబర్ అంత ఓటింగ్ జరగదు. ఏ పార్టీ గెలుస్తుందో తెలిసిందేగా అని చాలామంది లైట్ తీసుకుంటారు. కానీ ఇలాంటి సీట్లో రెండేళ్ల పదవికి వేసే ఓటు, ముప్పై నలభై ఏళ్లకు వేసినట్టే. 1987లో దాన్ని తేల్చింది 4 వేల ఓట్లు. ఈసారి ఎన్ని ఓట్లు తేలుస్తాయో చూడాలి.